వేలాడే సక్యులెంట్లు: నెల్లూరు ఉక్కలో ఏది నిలుస్తుంది, ఎందుకు

జనవరిలో కొన్న ‘స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్’ కుండీ నెల్లూరులోనైనా, ఒంగోలులోనైనా మార్చి దాకా కళకళలాడుతుంది. పచ్చటి ముత్యాలు గుచ్చినట్టున్న తీగలు బాల్కనీ ఊచల మీదుగా కిందికి జారుతుంటాయి. మే వచ్చేసరికి ఆ ముత్యాలు ముడతలు పడతాయి. పాపం ఎండకు దాహంగా ఉందని ఇంట్లోవాళ్లు రోజూ నీళ్లు పోస్తారు. పది రోజులు తిరక్కుండానే మొదలు మెత్తబడి, తీగ పట్టుకుంటే చేతికి ఊడి వస్తుంది. రోహిణి కార్తె దాటి బతికి బయటపడ్డవి స్వాతి, విశాఖ కార్తెల ముసురులో పోతాయి. చివరికి అందరూ అనే మాట ఒకటే: మన ఎండలకు ఇలాంటివి బతకవు.

ఆ మాటలో నిజం సగమే. ఈ మొక్కలను చంపేది పగటి ఎండ కన్నా రాత్రి ఉక్క, ఆ ఉక్కలో వేళ్ల దగ్గర నిలిచే తడి. దీనికి తోడు మరో చిక్కు ఉంది. నర్సరీల్లో ‘హ్యాంగింగ్ సక్యులెంట్’ (ఆకుల్లోనో కాండంలోనో నీళ్లు దాచుకునే, వేలాడే మొక్క) అని ఒకే వరుసలో తగిలించే మొక్కలు నాలుగైదు వేర్వేరు కుటుంబాలకు చెందినవి. ఒకటి ఎడారి అంచు నుంచి వచ్చింది, ఇంకొకటి వానకారు అడవిలో చెట్టు బెరడు మీద పెరిగేది. మొదటిదానికి సరిపోయే నీళ్ల లెక్క రెండోదాన్ని ఎండబెడుతుంది. రెండోదాని లెక్క మొదటిదాన్ని కుళ్లబెడుతుంది. కాబట్టి కుండీలో ఉన్నది ఏ మొక్కో తేల్చుకోవడం సరదా కోసం చేసే పని కాదు. మన జిల్లాల్లో దాని బతుకు అక్కడే తేలుతుంది.

గుర్తుపట్టడానికి పువ్వు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా జంటగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా చూడాలి. ఒక ఆకు తుంచి పాలు కారతాయా, నీరులాంటి రసం కారుతుందా చూడాలి. ఆకు మీద వెలుతురు పడేలా పట్టుకుని దాని చర్మాన్ని పరీక్షించాలి. ఈ మూడింటితోనే సగానికి పైగా అనుమానాలు తీరిపోతాయి.

స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ శాస్త్రీయ నామం క్యూరియో రౌలేయానస్. పాత పేరు సెనేసియో రౌలేయానస్. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త గోర్డన్ రౌలే పేరు మీద 1968లో హెర్మన్ యాకబ్‌సన్ ఆ పేరు పెట్టాడు. 1990ల చివర్లో దాన్ని క్యూరియో అనే ప్రజాతిలోకి మార్చారు. అమ్మేవాళ్లలో చాలామంది ఇంకా పాత పేరే వాడతారు, రెండూ ఒకటే మొక్క. ఇది బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానిది. మనకు గుండ్రటి గింజలా కనిపించేది ఆకే. ఆకులు జంటలుగా ఉండవు, ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ప్రతి ముత్యానికీ చివర చిన్న మొన, పక్కగా ముదురు రంగులో సన్నటి గీత ఉంటాయి. ఆ గీతను వెలుతురుకు పెట్టి చూస్తే అద్దంలా పారదర్శకంగా కనిపిస్తుంది. ఆకు లోపలికి వెలుతురు పోయే కిటికీ అది. ఎండకు ఎదురయ్యే పైభాగం తక్కువగా ఉండాలని ఆకు గోళంలా ముడుచుకుంది, లోపలి పచ్చదనానికి వెలుతురు కావాలి గనక కిటికీ తెరుచుకుంది. ఇంత చిన్న ఆకులో ఇంత ఏర్పాటు ఉండడం చూసినకొద్దీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

దీని సొంత ఊరు దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ పొడి నేలలు. అక్కడ ఇది వేలాడదు. పొదల నీడలో, రాళ్ల సందుల్లో నేల మీద పాకుతూ, కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ చాపలా పరుచుకుంటుంది. ఈ సంగతి తెలిస్తే పెంపకంలో రెండు విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. దీని వేళ్లు లోతుకు పోవు, కాబట్టి లోతైన కుండీ దీనికి ముప్పే. పొదల నీడలో పెరిగేది కాబట్టి మిట్టమధ్యాహ్నపు నేరుటెండ దీనికి అలవాటు లేదు.

దీని దాయాదులు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఆకు గోళంగా కాక అరటికాయలా వంగి ఉంటే ‘స్ట్రింగ్ ఆఫ్ బనానాస్’, నిమ్మకాయలా కోలగా, చారలతో ఉంటే ‘స్ట్రింగ్ ఆఫ్ టియర్స్’, మధ్యలో రెండు చిన్న రెక్కలు మొలిచి దూకుతున్న డాల్ఫిన్‌లా ఉంటే ‘స్ట్రింగ్ ఆఫ్ డాల్ఫిన్స్’. చివరిది ముత్యాల తీగకూ, క్యూరియో ఆర్టిక్యులేటస్ అనే మరో మొక్కకూ పుట్టిన సంకరం. పోషణ అన్నిటికీ దాదాపు ఒకటే. అయితే మన వాతావరణంలో ఎక్కువ ఓర్పు ఉన్నది అరటికాయ ఆకుల రకానికే. మొదటిసారి పెంచేవాళ్లు ముత్యాల జోలికి పోకుండా దానితో మొదలుపెట్టడం మంచిది.

అసలు గందరగోళం హృదయాకారపు ఆకుల దగ్గర వస్తుంది. ‘స్ట్రింగ్ ఆఫ్ హార్ట్స్’, ‘మిలియన్ హార్ట్స్’ అని రెండు మొక్కలున్నాయి. పేర్లు దగ్గరగా ఉన్నాయి, ఆకులూ దగ్గరగానే ఉంటాయి. రెండింటిలోనూ ఆకులు ఎదురెదురు జంటలే. రెండూ జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం కుటుంబానివే. కానీ వాటి బతుకు తీరు పూర్తిగా వేరు.

స్ట్రింగ్ ఆఫ్ హార్ట్స్ అంటే సెరోపీజియా వూడీ. 1881లో వృక్షశాస్త్రవేత్త జాన్ మెడ్లీ వుడ్ దక్షిణాఫ్రికాలోని నటాల్ కొండల్లో రాళ్ల మీంచి వేలాడుతుండగా దీన్ని చూశాడు. తీగ దారమంత సన్నగా, ఊదా రంగులో ఉంటుంది. జంట ఆకులకూ జంట ఆకులకూ మధ్య చాలా ఎడం. ఆకు పైన బూడిదరంగు వెండి మచ్చలు, అడుగున ఊదా చాయ. కణుపుల దగ్గర శనగగింజంత గడ్డలు కడతాయి. ఆ గడ్డ కనబడితే ఇక సందేహం అక్కర్లేదు. ఆకు తుంచితే జిల్లేడు పాలలా తెల్లగా కారదు, నీరులాంటి రసం వస్తుంది. పువ్వు సన్నటి గొట్టంలా ఉండి, లోపలికి దూరిన చిన్న ఈగలను కాసేపు బంధించి పుప్పొడి అంటించి వదులుతుంది. సెరోపీజియా ప్రజాతి మనకు పరాయిదేమీ కాదు. దాని బంధువులు మన తూర్పు కనుమల కొండల్లోనూ పెరుగుతాయి, అవీ గడ్డలు దాచుకునేవే. కొండల్లో కనబడినా వాటిని పెకలించి తేకూడదు. చాలా రకాలు అసలే అరుదు.

మిలియన్ హార్ట్స్ అంటే డిస్కీడియా. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. దీని ఆకులు మచ్చల్లేని నిండు ఆకుపచ్చ, చిన్నవి, దట్టంగా ఉంటాయి. గడ్డలుండవు. ఆకు తుంచిన చోట తెల్లటి పాలు చుక్కగా తేలతాయి. కణుపుల నుంచి గాలిలోకే వేళ్లు బయటికొస్తాయి. అడవిలో ఇది మట్టిలో పుట్టదు, చెట్ల కొమ్మలను పట్టుకుని వాన తడినీ గాలి తడినీ పీల్చుకుని బతుకుతుంది. అందుకే సముద్రపు గాలి తగిలే కావలి, సింగరాయకొండ, నెల్లూరు ప్రాంతాలకు ఇది చక్కగా కుదురుతుంది. ముత్యాల తీగను చంపే ఉక్కే దీనికి బలం. దీన్ని మాత్రం మట్టిలో నాటకూడదు. కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు, చెట్టు బెరడు కలిపిన గుల్ల మిశ్రమంలో పెట్టాలి. ఆ ముక్కలు ఆరగానే మళ్లీ తడపాలి. సక్యులెంటే కదా అని మూడు వారాలు నీళ్లు పోయకపోతే ఆకులు పలచబడి రాలిపోతాయి.

‘డాంకీ టెయిల్’ పేరుతో వచ్చేది సీడమ్ మోర్గానియానమ్. మెక్సికో మొక్క, 1938లో శాస్త్రీయంగా వర్ణించారు. జడ అల్లినట్టు ఆకులు తీగ చుట్టూ దట్టంగా పేర్చినట్టుంటాయి. మీద తెల్లటి పొడిలాంటి మైనం ఉంటుంది, చేయి తగిలితే పోతుంది. ఆకులు ఊరికే తాకినా రాలతాయి, రాలిన ప్రతి ఆకూ వేరు పట్టగలదు. ఇది రణపాల కుటుంబం, ఆ గుణం మనవాళ్లకు రణపాల ఆకులో ఎప్పటినుంచో తెలిసిందే.

‘బేబీ సన్ రోజ్’, ‘టర్టిల్ వైన్’ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, అవి గట్టి మొక్కలు. ముఖ్యంగా బేబీ సన్ రోజ్. ఉప్పునేలల్లో, కృష్ణపట్నం వైపు క్రీకుల గట్ల మీద పాకే దళసరి ఆకుల సెసూవియం కుటుంబానిదే ఇది. ఎండనూ కొంత ఉప్పునీళ్లనూ ఓర్చుకుంటుంది, ఎండ బాగా తగిలితే గులాబీ రంగు పూలు పూస్తుంది. మేడ మీద వేలాడదీయడానికి మొక్క కావాలని అడిగేవాళ్లకు మొదట చెప్పాల్సింది దీని పేరే. ఇక కనిగిరి, మార్కాపురం వైపు కంచెల మీద అల్లుకునే నల్లేరు కూడా పాకే సక్యులెంటే. ఎవరూ కుండీలో పెట్టరుగానీ, నాలుగు పలకల దాని కాండం వేలాడదీస్తే అందంగానే ఉంటుంది. ఒక్క వేసవికీ జంకదు.

ఇప్పుడు ఉక్క సంగతి. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. సక్యులెంట్లలో ఎక్కువ భాగం పగలు వాటిని మూసేసి రాత్రి తెరుస్తాయి. చల్లటి రాత్రి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చి, దాన్ని ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుంటాయి. తెల్లవారాక రంధ్రాలు మూసుకుని, ఆ నిల్వతో వెలుతురులో ఆహారం తయారుచేసుకుంటాయి. ఈ పద్ధతిని తొలిరోజుల్లో పట్టిచ్చినవాటిలో రణపాల ఆకు రుచి ఒకటి. మన సామర్లకోటలోని ఈస్ట్ ఇండియా కంపెనీ తోటలో పనిచేసిన బెంజమిన్ హేన్, ఆ ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటోందని గమనించి 1813లో ఉత్తరం రాశాడు. 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ దాన్ని ప్రచురించింది. రాత్రంతా ఆకులో చేరిన ఆమ్లమే ఆ పొద్దుటి పులుపు.

ఈ ఏర్పాటుకు రాత్రి చల్లబడడం ముఖ్యం. నెల్లూరులో జనవరి రాత్రులు 20 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. మే నెలలో అర్ధరాత్రి దాటినా 28 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. అంత వేడిలో ముత్యాల తీగ లాంటివి పీల్చుకునేది తక్కువ, శ్వాసకు ఖర్చుపెట్టేది ఎక్కువ. మొక్క పెరుగుదల ఆపేసి నిద్రలోకి పోతుంది, వేళ్లు నీళ్లు తాగడం దాదాపు మానేస్తాయి. సరిగ్గా ఆ సమయంలోనే మనం జాలిపడి నీళ్లు పోస్తాం. వేడి మట్టిలో నిలిచిన నీళ్లలో బూజు జాతి రోగాలు చకచకా పెరుగుతాయి, వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు ఎక్కించలేదు కాబట్టి ముత్యం ముడతలు పడుతుంది. దాహం వేసినా ముడతలే, వేరు కుళ్లినా ముడతలే. తేడా మట్టిలో తెలుస్తుంది. వేలు పెట్టి చూసినప్పుడు మట్టి పొడిగా ఉండి ముత్యాలు ముడతలు పడితే నీళ్లు పోయాలి. మట్టి తడిగా ఉండి ముడతలు పడితే ఒక్క చుక్క కూడా పోయకూడదు. వెంటనే కుండీ బోర్లించి, గట్టిగా ఉన్న తీగ ముక్కలు కత్తిరించి కాపాడుకోవాలి.

చలిదేశాల వాళ్లు రాసిన సలహాల్లో వేసవిలో నీళ్లు ఎక్కువ, శీతాకాలంలో తక్కువ అని ఉంటుంది. వాళ్ల శీతాకాలంలో వెలుతురు ఉండదు, మంచు పడుతుంది. మనకు ఆ లెక్క తిరగబడుతుంది. వానలు వెనకబట్టిన డిసెంబరు చివరి నుంచి మార్చి మొదటి వారాల దాకా ఇక్కడ అసలైన ఎదుగుదల కాలం. రాత్రి చల్లగా, పగలు తేటగా ఉంటుంది. నీళ్లు నిండా పోసి పూర్తిగా ఆరనివ్వడం, కొంచెం ఎరువు వేయడం, కుండీ మార్చడం, అన్నీ అప్పుడే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎరువు మానేసి, మట్టి పూర్తిగా ఆరాక, పొద్దు కుంకిన తర్వాత కొద్దిగా మాత్రమే నీళ్లివ్వాలి.

ఇక అక్టోబరు నుంచి డిసెంబరు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. 2015 నవంబరు, 2021 నవంబరు వానలను ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫాను నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటినీ తడిపి ముద్ద చేసింది. ఇలాంటి ముసురులో సజ్జ కింద ఉన్న కుండీ కూడా సురక్షితం కాదు. జల్లు గాలితో పాటు పక్కనుంచి కొడుతుంది. వాయుగుండం వార్త రాగానే ముత్యాల తీగనూ డాంకీ టెయిల్‌నూ లోపలికి తెచ్చి, కిటికీ దగ్గర పెట్టి, ఫ్యాన్ గాలి తగిలేలా చూడాలి. డిస్కీడియాను బయటే వదిలేయొచ్చు.

తీరానికీ పడమటికీ తేడా ఉంది. గిద్దలూరు, మార్కాపురం, కనిగిరి వైపు పగలు వడగాడ్పు ఎక్కువైనా గాలిలో తడి తక్కువ, రాత్రి కొంత త్వరగా చల్లబడుతుంది. అక్కడ ముత్యాల తీగకు యాభై శాతం గ్రీన్ నెట్ నీడ, పడమటి గాలికి అడ్డం ఉంటే చాలు, తీరప్రాంతం కన్నా మెరుగ్గా నిలుస్తుంది. తీరంలో ఆరుబయటి గాలి ఆడే తూర్పు వసారా కావాలి. పొద్దున తొమ్మిదిన్నర, పది దాకా ఎండ తగిలితే మేలు. ఎక్కడైనా సరే వెలుతురు కుండీ పైభాగానికి తగలాలి. ఎత్తుగా సీలింగుకు ఆనించి తగిలిస్తే కింది తీగలకు వెలుతురు అంది, పైన మొదలు చీకట్లో బోడిగా మారుతుంది.

మట్టి దగ్గర మన జిల్లాలకు ఒక వరం ఉంది, అదే వరి ఊక. నర్సరీ నుంచి వచ్చే మొక్కలు ఎక్కువగా కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో ఉంటాయి. అది నీళ్లను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది, పూర్తిగా ఎండితే మళ్లీ తడవదు. మార్చకుండా ఉంచితే మొక్క దక్కదు. మట్టి గుల్లగా ఉండడానికి కలిపే తేలికైన తెల్లటి పలుకులు, పెర్లైట్, కొనలేనివాళ్లు ఊక బొగ్గు వాడుకోవచ్చు. ఇనప డబ్బాలో ఊకను మంట లేకుండా మాడ్చి, నల్లబడగానే, తెల్ల బూడిద కాకముందే నీళ్లు చల్లి ఆర్పాలి. ఒకటి రెండుసార్లు కడిగి ఆరబెట్టాలి. రైసు మిల్లు బాయిలర్ నుంచి వచ్చే మెత్తటి బూడిద దీనికి బదులు కాదు. దానిలో క్షారం ఎక్కువ, పైగా సందులన్నీ మూసేస్తుంది. రెండు పాళ్లు ఊక బొగ్గు, ఒక పాలు బఠాణీ గింజంత ఇటుక ముక్కలు లేదా జల్లెడ పట్టిన పెన్నా గరుకు ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఎరువు కలిపితే తేలికైన, త్వరగా ఆరే మిశ్రమం తయారవుతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వాడకూడదు. చీమకుర్తి గ్రానైట్ చిప్స్ చవగ్గా దొరికినా వేలాడే కుండీకి బరువెక్కువ. కుండీ అడుగున గులకరాళ్ల పొర వేసే అలవాటు కూడా మానుకోవాలి. నీళ్లు ఆ పొర పైన మట్టిలోనే ఆగిపోతాయి, అంటే తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. కుండీకి రంధ్రాలు బాగుంటే ఆ పొర అక్కర్లేదు.

నీళ్ల విషయంలో బోరు నీళ్లు పెద్ద సమస్య. తీరంలో ఉప్పు, కనిగిరి వైపు ఫ్లోరైడ్, దాదాపు అన్నిచోట్లా గట్టినీళ్లు. కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతోందంటే ఉప్పు పేరుకుంటున్నట్టే. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మొక్కలకు పోయడం పొదుపనుకుంటారుగానీ, వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. వాననీళ్లు పట్టి ఉంచుకోవడం, ఏసీ నుంచి కారే నీళ్లు వాడుకోవడం మేలైన దారులు.

పురుగుల్లో పిండినల్లి ఒక్కదాని మీద కన్నేస్తే చాలు. కుండీ చుట్టూ చీమలు తిరుగుతున్నాయంటే కణుపుల సందుల్లో తెల్లటి దూది ముద్దలు వెతకాలి. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తుడిచేయాలి. వేపనూనె కొట్టాలనుకుంటే సాయంత్రం పూట, ముందు ఒక్క తీగ మీద చూసి కొట్టాలి. డాంకీ టెయిల్ మీద మాత్రం కొట్టకూడదు, ఆకు మీది మైనం పొర పోయి మర్నాటి ఎండకు కాలిపోతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ముత్యాల తీగ అందనంత ఎత్తున ఉండాలి. బఠాణీలనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది, తింటే వాంతులవుతాయి. దాని రసం కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తుంది.

ఇంత జాగ్రత్త పడినా ముత్యాల తీగ ఏదో ఒక వేసవిలో పోవచ్చు. అందుకే చలికాలంలోనే రెండో కుండీ తయారుచేసి, ఇంట్లో వేరే చోట పెట్టుకోవాలి. జానెడు తీగ కత్తిరించి, ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, తడి మిశ్రమం మీద చుట్టలా పరిచి, కణుపులు మట్టికి తగిలేలా వంచిన ఇనప తీగముక్కతోనో హెయిర్‌పిన్నుతోనో ఆనించాలి. మట్టిలోకి పాతిపెట్టకూడదు. సెరోపీజియాకైతే కణుపు గడ్డను సగం పైకి కనబడేలా మట్టి మీద కూర్చోబెడితే చాలు. జనవరి చలిలో మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. ఇదే పని ఏప్రిల్లో చేస్తే ముక్కలు వేరు పట్టేలోపే వడలిపోతాయి, లేదంటే కుళ్లుతాయి.